తొమ్మిది గాజుల చెయ్యి

హేమ్లి వస్తోందంటే ముందు ఆమె గాజుల చప్పుడు వచ్చేది. మోచేతి పైనుంచి చంక దాకా తెల్లటి గాజులు, చేతికి తొమ్మిదేసి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఆమెకన్నా పదడుగులు ముందు నడిచేవి. బూర్గంపాడు దాటి అడవి వైపు తిరిగే మట్టిరోడ్డు మీద ఉన్న బిచ్యాతండాలో ఆ గాజులు ఇంకా వేసుకునే ఆడవాళ్లు పదిమందికి మించి లేరు. పడుచువాళ్లంతా చీరల్లోకి, నైటీల్లోకి, ముంజేతికి అరడజను రంగు గాజుల్లోకి మారిపోయారు. ముసలివాళ్లలో చాలామందివి మొగుళ్లతో పాటే పోయాయి. లంబాడా ఆడదానికి మోచేతి పై గాజులు పెళ్లినాడు ఎక్కుతాయి, మొగుడు పోయిన రోజు దిగుతాయి. మధ్యలో దిగవు.

హేమ్లి చేతులకు గాజులున్నాయి. ఇంట్లో మొగుడు లేడు. పద్దెనిమిదేళ్లుగా లేడు.

రూప్‌సింగ్ బోరు లారీ మీద పనిచేసేవాడు. దీపావళి కాగానే లారీ ఉత్తరానికి పోయేది. నాగపూర్ దాటి ఎక్కడెక్కడో నీళ్లు లేని ఊళ్లలో రాతిని తొలిచేది. తొలకరి పడితే బోర్ల పని ఆగిపోతుంది గనక మృగశిర కార్తెకి అటో ఇటో ఇంటికి చేరేవాడు. వచ్చినవాడి జుట్టులో, చెవుల్లో, గోళ్ల సందుల్లో రాతిపొడి ఉండేది. ఏడెనిమిది నెలలు ఆ యంత్రం పక్కన నిలబడి చెవులు సగం మొద్దుబారి, మామూలు మాట కూడా కేకేసి చెప్పేవాడు. పెళ్లానికి చెవిలో చెప్పవలసిన ముచ్చట కూడా తండా అంతటికీ వినిపించేది. పొద్దున బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆ ముచ్చటే తిరిగి హేమ్లికి అప్పజెప్పేవాళ్లు. "రాత్రి నీ మొగుడు నిన్నేమన్నడో చెప్పాల్నా?" అని ఒకరు, "చెప్పుడెందుకే, మా ఇంట్ల పిల్లలు గూడ విన్నరు" అని మరొకరు. హేమ్లి బిందె ఎత్తుకుని తల వంచుకుని గబగబా నడిచేది. ఆ ఎగతాళి చేసినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఉండి ఇంకోసారి అంటే బిందె దించి మరీ వినేది.

ఒక ఏడు ఆమె ఎడమచేతి మీద, మోచేతి నుంచి మూడో గాజు పగులిచ్చింది. తీసి కొత్తది వేసుకుందామంటే రాదు. అప్పట్లో చెయ్యి నిండుగా ఉండేది. రూప్‌సింగ్ బోరు లారీ ఇనుపతాడులోంచి ఒక సన్నటి పోగు తెచ్చి, గాజు చేతికి ఉండగానే పగులు చుట్టూ బిగించి చుట్టాడు. చివర లోపలికి మడిచేటప్పుడు చర్మం చీరుకుని రక్తం వచ్చింది. ఆమె అబ్బా అంటే, "ఓర్చుకో, గిది ఇంక ఊడితే నన్నడుగు" అని తండా మొత్తానికి వినబడేట్టు చెప్పాడు. ఆ దీపావళికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

తొలకరికి లారీ వచ్చింది. వార్ధా అవతల ఏదో ఊళ్లో డీజిల్ కోసం ఆపారట. చాయ్ తాగి వస్తానని రోడ్డు దాటాడట. రెండు గంటలు చూసి, లారీ కదిలిపోయిందట. రూప్‌సింగ్ అన్న భీమ్లా పోయి పది రోజులు వెతికి, చెప్పులు తెగి తిరిగొచ్చాడు. పోలీసు కాగితాలూ అయ్యాయి. కొన్నేళ్లకు మండలాఫీసులో ఎవరో, ఇన్నేళ్లు పత్తా లేని మనిషిని పోయినట్టే అనుకోవాలని, వితంతు పింఛను రాసుకొమ్మని చెప్పారు. హేమ్లి ఆ కాగితాన్ని బల్ల మీదే వదిలేసి లేచింది. "చాయ్ తాగనీకి పోయినోణ్ణి సచ్చిండని ఎట్ల రాసుకుంటరు?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే ఆ సంగతి తెలుసుకోవాలని అడిగింది.

వయసుతో పాటు చెయ్యి సన్నబడింది. గాజులు జారడం మొదలుపెట్టాయి. కుడిచెయ్యి పని చేసే చెయ్యి, కొంత కండ నిలిచింది. ఎడమచేతివి మాత్రం వంగితే చాలు మోచేతి మీదికి కుప్పగా దిగేవి. చంక కింద పాత పేలికతో కట్టి నిలబెట్టుకునేది. ఏడాదికోసారి ఆ ముడి ఒక వేలెడు లోపలికి జరిగేది.

ఆమెకు బీపీ ఉందని తేలి ఆరేళ్లయింది. ఏఎన్‌ఎం యశోద నెలకోసారి స్కూటీ మీద వచ్చి చూసేది. యశోద వాగు అవతలి కోయగూడెం పిల్ల. పిల్ల అంటే ఇప్పుడు నలభై దాటాయి. హేమ్లి చేలోంచో అడవిలోంచో నడిచొచ్చి, సబ్‌సెంటర్ అరుగు అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, చెయ్యి ముందుకు చాచేది. యశోద ఆ గాజుల మీదుగానే పట్టీ చుట్టి, అంటుకోని అంచును చేత్తో అదిమి పట్టుకుని మిషన్ నొక్కేది. ఆ లోపల హేమ్లి ఊరి కబుర్లన్నీ చెప్పేది. నూట డెబ్బై, నూట ఎనభై అని అంకె వెలిగేది. యశోద దాన్ని ట్యాబ్‌లో ఎక్కించేది.

అలా చెయ్యకూడదని యశోదకు చదువు చెప్పినవాళ్లు చెప్పారు. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే తండాలో మంగ్లి అనే ముసలామెను, "అమ్మా, గాజులు తియ్యి" అనడిగింది. మంగ్లి మొగుడు పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మంగ్లి అతని వైపు తిరిగి, "సూడు, గీ పిల్ల నిన్ను సావుమంటంది" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. నెల రోజులు యశోదకు ఆ తండాలో మంచినీళ్లిచ్చినవాళ్లు లేరు. ఆ తర్వాత ఆమె ఎవరినీ గాజులు తియ్యమనలేదు. గాలి నిండితే పట్టీ అన్నింటినీ కలిపే నొక్కుతుందిలే అనుకుంది. అనుకోవడం అలవాటైంది.

అంకె దిగడం లేదని దవాఖానాలో గోళీలు పెంచారు. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. హేమ్లి ఒక్కటి కూడా తప్పించలేదు. ఎండుచేపలు మానేసింది. మామిడికాయ తొక్కు జాడీని కోడలి వైపు జరిపింది. చారులో ఉప్పు తగ్గించి తినేది. తండాలో ఆమెలా మందులు వాడే మనిషి లేదని యశోద అందరికీ చెప్పేది. ఎందుకంత జాగ్రత్త అని ఒకసారి అడిగితే, హేమ్లి కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆయనొచ్చేనాటికి నేను ఉండాలె గద" అంది. 

మే నెల తునికాకు పనిలో హేమ్లి పడిపోయింది. పొద చుట్టూ వంగి ఆకు కోసి, చేతిలో పట్టినంత అయ్యాక నడుం ఎత్తింది. ఎత్తిన తల ఎక్కడికో పోయినట్టయింది. అడవి నల్లబడింది. పక్కవాళ్లు కేకలేసి పరిగెత్తేసరికి ఆకు చుట్టూ చెదిరి, ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, బతికున్న ఆనవాలు గాజుల చప్పుడే అన్నట్టు ఒక చెయ్యి కదులుతోంది.

కొడుకు కోటేష్ ఆటో నడుపుతాడు. అడవి అంచు దాకా ఆటో తెచ్చి తల్లిని ఇంటికి చేర్చాడు. ఫోన్ చేస్తే యశోద పావుగంటలో వచ్చింది. మంచం మీద పడుకున్న హేమ్లికి ఎప్పటిలాగే గాజుల మీద పట్టీ చుట్టి మిషన్ నొక్కింది.

"ఎంతొచ్చింది సిస్టరమ్మా?" అన్నాడు కోటేష్.

"నూట డెబ్బై ఆరు."

"మూడు గోళీలు ఏస్కుంటంది గదా! నాలుగోది రాయిస్తరా ఏంది?"

యశోద హేమ్లి మణికట్టు పట్టుకుని ఉంది. చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. వేళ్ల కింద నాడి దారప్పోగులా ఆడుతోంది. నూట డెబ్బై ఆరు ఉన్న మనిషి నాడి ఇలా ఉండదు. ఆమె మిషన్ వంక చూసింది, మనిషి వంక చూసింది, మళ్లీ మిషన్ వంక చూసింది. పట్టీ మెల్లగా విప్పింది.

"హేమ్లమ్మా, లేసి నిలబడితే కండ్లు తిరుగుతున్నయా?"

"ఎండకు బిడ్డా."

"ఎన్ని దినాల సంది?"

"ఎండలు ముదిరిన కాణ్ణుంచి."

"అబద్ధం," అంది కోడలు జ్యోత్స్న, చెంబుతో నీళ్లు తెస్తూ. "సలికాలం సంది గోడ పట్టుకొని నడుస్తంది. నాకు కనబడదనుకుంటది."

హేమ్లి కోడలి వంక గుర్రుగా చూసింది. ఆ చూపు ఆ ఇంట్లో కొత్తది కాదు. ఆరేళ్ల కింద పెళ్లినాడు, ఇంటరు చదివిన జ్యోత్స్న మోచేతి గాజులు వేసుకోనని చెప్పింది. బరువంది. హేమ్లి ఆ మాటని అప్పట్నుంచీ మూట కట్టి పెట్టుకుంది.

యశోద మంచం పట్టె మీద కూర్చుంది. పట్టీని మడుస్తూ విప్పుతూ అంది: "తప్పు నాది. ఆరేండ్ల సంది నేను నీ బీపీ చూస్తలేను. నీ గాజుల బీపీ చూస్తున్న."

కోటేష్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

"గట్టి గాజుల మీద పట్టీ చుడితే, వాటిని దాటి నరాన్ని నొక్కనీకి మిషన్ ఎక్కువ గాలి పెట్టాల్సి వస్తది. నడిచొచ్చి ఆయాసంతోని కూసుంటవ్, కాళ్లు ఏలాడేస్తవ్, ముచ్చట పెడ్తవ్. గది గూడ కలుస్తది. గా ఎక్కువంతా నీ పేరు మీద రాసిన. అసలు నీకెంతుందో నాకు తెల్వదు. తక్కువున్న మనిషికి మూడు గోళీలు మింగిస్తున్ననేమో."

"అయితే గోళీలు బంద్ చేద్దాం," అన్నాడు కోటేష్.

"ఊకెనే బంద్ చేస్తే ఎక్కి కూసుంటది. రేపు కాలూ చెయ్యీ పడిపోతే? ముందు సరిగ్గ చూడాలె. చూసి డాక్టరుకు చెప్పాలె. బట్ట మీద చూడొద్దు, గాజు మీద చూడొద్దు. ఉత్త చేతి మీదనే చూడాలె."

బయట కోడి ఒకటి గడప ఎక్కి లోపలికి చూసి దిగిపోయింది.

"ముంజేతికి పెట్టు," అంది హేమ్లి.

"అక్కడ కరెక్టుగ రాదమ్మా. ఒక తప్పు చేసిన. ఇంకో తప్పు చెయ్య."

"అయితే వద్దు. నేను తియ్య."

"యాడీ!" కోటేష్ గొంతు పెరిగింది. తల్లిని పిలిచే ఆ మాట అతని నోట అంత గట్టిగా ఎన్నడూ రాలేదు. "పద్దెనిమిదేండ్లాయె. నాకు ఆయన మొహం గూడ సరిగ్గ యాదికి లేదు."

"నీకు లేకపోతే లేకపోనీ. నాకున్నది."

"ఉంటే ఉండనీ! రేపు నువ్వు గదే అడవిల పడి సస్తే, ఆయన వచ్చి ఎవర్ని జూస్తడు? గాజుల్ని జూస్తడా?"

అని, అన్నందుకు సిగ్గుపడి గుమ్మం దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. తొమ్మిదేళ్ల వయసులో, తండ్రి వచ్చే బస్సు కోసం ఇలాగే గుమ్మంలో నిలబడేవాడు. ఆ వీపు హేమ్లికి తెలుసు. అప్పుడు ఇంత వెడల్పు లేదు.

ఆమె పైకప్పు వంక చూస్తూ పడుకుంది. ఇన్నాళ్లూ గోళీలు మింగింది తను ఉండడానికి. గాజులు ఉంచుకుంది ఆయన ఉండడానికి. రెండూ ఒకే పని అనుకుంది. ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఎవరనుకుంటారు? కొడుకు అన్నదాంట్లో తప్పు వెతికింది. దొరకలేదు. తలుపు దాకా వచ్చి, పేరు పెట్టి కేకేసి, ఎవరూ పలక్కపోతే ఆ మనిషి ఏం చేస్తాడు? చెవులు వినబడవు గనక పలికారేమోనని ఇంకోసారి కేకేస్తాడు.

"తీస్త," అంది కాసేపటికి. "గని నేల మీద పెట్టొద్దు. మంచం మీద పెట్టొద్దు. గోడ మొలకు తగిలియ్యొద్దు."

"మరి యాడ పెడ్తం? గాలిలనా?" అన్నాడు కోటేష్ అటు తిరిగే.

జ్యోత్స్న చెంబు కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని అత్త ముందు చాచింది.

"నా చేతికెయ్యి అత్తా. చేతి మీది నుంచి చేతి మీదికే వస్తయి. తీసినట్టెట్లయితది?"

హేమ్లి ఆ చేతిని పైనుంచి కిందికి చూసింది. "పెండ్లినాడు ఏస్కోమంటే బరువన్నవ్."

"ఇప్పుడు గూడ బరువే. పట్టుకుంటా అంటున్న. ఏస్కుంటా అంటలేను."

హేమ్లి పెదవి ఒక పక్కకి వంగింది. అది నవ్వని జ్యోత్స్నకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు.

పేలిక ముడి యశోద విప్పింది. కొబ్బరినూనె రాసింది. మోచేతి దగ్గరి గాజు ముందు దిగింది, ఆ వెనక రెండోది. ఒక్కొక్కటి హేమ్లి వేళ్లు దాటీ దాటగానే జ్యోత్స్న వేళ్లలోకి ఎక్కేది. మధ్యలో గాలి ఆడే సందు కూడా ఇవ్వలేదు ఇద్దరూ. అత్త అరచెయ్యి, కోడలి అరచెయ్యి ఆనుకునే ఉన్నాయి. మూడోది, ఇనుప పోగు చుట్టినది, మోచేతి ఎముక దగ్గర కొంచెం పట్టింది. యశోద చెయ్యి వెయ్యబోతే హేమ్లి వద్దని తల ఊపి తనే తిప్పి తిప్పి తీసింది. తొమ్మిదో గాజు వెళ్లేసరికి జ్యోత్స్న ముంజెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లబడింది.

హేమ్లి తన చెయ్యి చూసుకుంది. నలభై ఏళ్ల పైమాట, ఆ చోటు చూసి. ఎండ తగలని చర్మం లేతగా, మడతలు మడతలుగా, గాజుల అచ్చులు గీతలై ఉంది. అది తనది కాదన్నట్టుంది. మూడో గీత మీద గోరంత మచ్చ, ఇనుప పోగు చీరినది. ఆ మచ్చ అక్కడ ఉందని ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ గాజు దాన్ని కప్పి ఉంచింది.

"ఇంత తెల్లగున్నవేంది అత్తా?"

"పుట్టినప్పుడు గిట్లనే ఉంటి," అని హేమ్లి ఆ చేతిని పైటతో కప్పుకోబోయింది.

యశోద కప్పుకోనివ్వలేదు. సంచి అడుగు నుంచి ఇంతవరకూ ప్లాస్టిక్ విప్పని చిన్న పట్టీ తీసింది. సన్నటి చేతులకు అదే సరిపోతుందని చెప్పింది. పాత గడియారం బిళ్లలాంటి మీటరూ, చెవుల్లో పెట్టుకునే గొట్టమూ తీసింది. "ఈసారి మిషన్ మీద ఇడ్వను. నా చెవులతోని వింట. ముందు ఒంటికి పోయి రా అమ్మా. కోడల్ని పట్టుకొని మెల్లగ."

వచ్చాక కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టింది. కాళ్లు నేలకు ఆనాయి. ఎడమచెయ్యి గుండె ఎత్తున ఉండేలా బియ్యం మూట మీద దిండు వేసి దాని మీద పెట్టింది. "ఐదు నిమిషాలు గిట్లనే కూసో. ఏం మాట్లాడొద్దు. ముచ్చట పెడితే నంబరు పెరుగుతది."

అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవడం హేమ్లికి తెలియదు. కూర్చుంటే చేతిలో ఆకో, దారమో, పక్కింటి పిల్లదాని జడో ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు, చెయ్యి కూడా తనది కానట్టుంది. గాలి ఆ చోట తగిలితే ఒళ్లు జలదరించింది. వార్ధా అవతలి ఆ రోడ్డు ఆమె ఎన్నోసార్లు చూసింది, వెళ్లకుండానే. చాయ్ కొట్టు ఎప్పుడూ ఎడమ పక్కన ఉంటుంది. ఆయన రోడ్డు దాటుతుంటాడు, రాతిపొడి తలతో. ఆమె ప్రతిసారీ అక్కడే ఆగిపోతుంది. అవతలి ఒడ్డుకి ఆయన చేరడం ఎన్నడూ చూడలేదు. ఈవేళ కూడా చూడలేదు. కానీ ఆయన రోడ్డు మధ్యలో ఆగి, చెయ్యి పైకెత్తి ఏదో కేకేసినట్టనిపించింది. అంత పెద్ద గొంతు, ఒక్క మాటా వినిపించలేదు.

యశోద గాలి కొట్టి, మెల్లగా వదిలింది. రెండుసార్లు విన్నది, మధ్యలో ఒక నిమిషం ఆగి. తర్వాత నిలబెట్టి ఇంకోసారి.

"కూసుంటే నూట ఎనిమిది. నిలబడితే తొంభై," అంది గొట్టం మెడలోకి జార్చుకుంటూ. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "పడక ఏం జేస్తవమ్మా."

జ్యోత్స్న చేతి మీది గాజులు వెనక్కి వచ్చాయి. చివర ఎక్కింది ముందు దిగుతుంది గనక వరుస తప్పలేదు. ఆ సాయంత్రమే కోటేష్ ఆటోలో దవాఖానాకి తీసుకెళ్లాడు. డాక్టరు యశోద రాసిచ్చిన కాగితం చూసి, రెండు గోళీలు ఆపి ఒక్కటే ఉంచి, వారం రోజులు పొద్దున గోళీ వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, బీపీ చూసి రాయమన్నాడు. యశోద తన మిషన్, చిన్న పట్టీ జ్యోత్స్నకు ఇచ్చి ఎలా కట్టాలో నేర్పింది. తను మాత్రం మర్నాటి నుంచి తండాలో ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది, ఆ పదిమంది గాజుల చేతుల కోసం. ప్రతి గడపలోనూ తన తప్పు మళ్లీ మళ్లీ చెప్పుకుంది. ఇద్దరు తిట్టారు. ఒకామె తలుపు వేసుకుంది. మిగతావాళ్లు కోడళ్లను, కూతుళ్లను పిలిచారు.

వారంలో పద్నాలుగుసార్లు గాజులు అత్త చేతి నుంచి కోడలి చేతికి, కోడలి చేతి నుంచి అత్త చేతికి వెళ్లొచ్చాయి. మొదటి రెండు రోజులు హేమ్లి కళ్లు మూసుకుంది. మూడోనాడు, "నూనె తక్కువైంది, సూస్కో" అంది. నాలుగోనాడు బోరింగు దగ్గర ఎవరో, "ఏమే హేమ్లీ, నీ మొగుడు రోజుకు రెండు మార్లు కోడలి చేతికి పోయొస్తుండంట గదా!" అన్నారు. హేమ్లి బిందె నేలకు దించింది. నిలబడి, ఆ మాట పూర్తిగా విన్నది. ఆ పక్కామె ఇంకో మాట కలిపితే అదీ విన్నది. ఆ తర్వాతే బిందె ఎత్తుకుంది.

ఏడోనాటి సాయంత్రం యశోద వచ్చింది. మబ్బు పట్టింది. గాలిలో మట్టి వాసన ముందే వచ్చింది. మిషన్‌లో వచ్చినవీ తన చెవులకు వినిపించేదీ కలుస్తాయో లేదో చూసుకోవాలని గొట్టం తెచ్చింది. హేమ్లి చెప్పకుండానే కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు ఆన్చి, చెయ్యి దిండు మీద పెట్టింది. జ్యోత్స్న ఒళ్లో తొమ్మిది గాజుల చెయ్యి పెట్టుకుని పక్కన కూర్చుంది. అయిదు నిమిషాలూ ఎవరూ మాట్లాడలేదు. చూరు మీద చినుకులు పడ్డాయి, ఆగాయి, మళ్లీ పడ్డాయి.

"నూట ముప్పై నాలుగు, డెబ్బై ఎనిమిది," అంది యశోద. "గిది నీ బీపీ. గిది నీది."

"ఒక్క గోళీతోనా?" అంది జ్యోత్స్న.

"అవ్. ఒక్కటే. గది మాత్రం ఇడ్వొద్దు."

హేమ్లి గొట్టం వంక చూస్తోంది. "గా గొట్టంల ఏం వినబడ్తది బిడ్డా?"

"నీ నెత్తురు చప్పుడు. పట్టీ గట్టిగ పట్టినప్పుడు ఏం వినబడది. గాలి ఇడుస్తుంటే ఒక్కసారి చప్పుడు మొదలైతది, గది పై నంబరు. మెల్లగ తగ్గి తగ్గి యాడ ఆగుతదో గది కింది నంబరు. వింటవా?"

ఆమె చెవుల్లో గొట్టం పెట్టి, గొట్టం చివరి బిళ్లను మోచేతి మడతలో ఆనించి, యశోద గాలి కొట్టింది. చెయ్యి బిగిసింది. ఏమీ లేదు. చినుకుల చప్పుడు కూడా దూరమైపోయింది. తర్వాత ఎక్కడో లోతున మొదలైంది. దబ్, దబ్, దబ్. నేల అడుగున ఎవరో రాతిని తొలుస్తున్నట్టు. ఒకప్పుడు లారీ ఈ తండాలోనే బోరు వేసింది. పొలిమేరలో యంత్రం ఆడుతుంటే ఇంట్లో నేల మీద పడుకున్న ఆమెకు చాప కింద ఆ చప్పుడు తెలిసేది. ఆయన దాని పక్కనే ఉన్నాడని తెలిసేది. ఇదీ అంతే దూరాన ఉంది. అంతే నిదానంగా ఉంది. ఆమె ఊపిరి బిగపట్టింది. దెబ్బ మెత్తబడింది. ఇంకా మెత్తబడింది. ఆగిపోయింది.

హేమ్లి గొట్టం తియ్యలేదు. కుడిచేతి వేళ్లతో దాన్ని చెవికి ఇంకా అదిమి పట్టుకుంది.

"ఇంకోసారి," అంది. ఆమె మాట ఇంటికవతల కూడా వినబడేంత పెద్దగా వచ్చింది. చెవులు మూసుకుని ఉన్నాయి గదా, ఆమెకు తెలియలేదు.

జ్యోత్స్న నవ్వింది. యశోద పట్టీ వదులు చేసి, వేలు చూపించింది. "ఒక్క నిమిషం ఆగాలె. ఎంబటే పెడితే సరిగ్గ రాదు. నరం తేరుకోవాలె."

హేమ్లి తల ఊపింది. బయట వాన గట్టిగా అందుకుంది. మచ్చ ఉన్న చెయ్యి దిండు మీద అలాగే చాపి, గొట్టం చెవుల్లో అలాగే ఉంచుకుని, ఆమె ఆగింది.